చెవుడూ, నడుం నొప్పీ నేర్చుకున్న మేస్త్రి

మేస్త్రినైన రోజు నేను నవ్వడం మానేశాను. అంతకు ముందు మదనపల్లె బస్సు షెడ్డులో నవ్వించడమే నా సగం ఉద్యోగం. మిగతా సగం బొగ్గులు రాజేయడం. నాలుగో క్లాసులో బడి మానేసినవాడికి ఇంతకన్నా గొప్ప ఉద్యోగం ఎవరిస్తారు? నేను మానేస్తానంటే అయ్యవారు ఒక్కసారి కూడా వద్దని బతిమాలలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరికేది కాదు. బస్సు వెనకాల నిలువెత్తు ఇనుప పీపా బిగించి, దాన్నిండా బొగ్గులు పోసి, చేత్తో గాలిమర తిప్పి రాజేసేవాళ్లం. ఆ పొగే గొట్టం గుండా ఇంజన్లోకి పోయి బస్సును నడిపేది. తెల్లారుతూనే మదనపల్లెలో తెల్ల పంచెతో ఎక్కినవాడు పుంగనూరు, పలమనేరు దాటి కుప్పంలో దిగేటప్పటికి, వాణ్ని పెళ్లాం కూడా గుర్తుపట్టేది కాదు.

పొయ్యి రాజేసే ముందు మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. మొదలుపెట్టింది నేనే. పీపా పక్కన గొంతుక్కూర్చుని, ముసలవ్వ గొంతుతో, బస్సే మాట్లాడినట్టు మాట్లాడేవాణ్ని.

“అయ్యో నాయనా, కుడి మోకాలు ఒకటే పీకతాండాది. ఎవురికన్నా పట్టిందా?”

“కుడి కాదవ్వా, ఎడమ,” అనేవాడు డ్రైవరు. మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి, పాట పాడినట్టు మాట్లాడేవాడు. “ఎనక చక్రం. నిన్న మలుపులో కీచుమనింది.”

“అవ్వకు కఫం కూడా పట్టుండాది,” అని చాచా అందుకునేవాడు. బొగ్గుల పనిలో మాకందరికీ పెద్ద ఆయన. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో మా తెలుగు. “పొగ జల్లెడ కడగల్లప్పా.”

నవ్వులు అయిపోయేసరికి బస్సు జబ్బులన్నీ బయటపడేవి. ముసలి మేస్త్రి మాత్రం నవ్వేవాడు కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని మూల నిలబడి మమ్మల్నే చూసేవాడు. తర్వాత పిడుగు పడినట్టు ఒక్క అరుపు: “ఆ చక్రం ఇప్పండ్రా!” షెడ్డు రేకులు అదిరేవి. మేం పరిగెత్తేవాళ్లం. పెద్దరికమంటే అదీ అనుకునేవాణ్ని.

ఆయన పని చాలించుకుని పుంగనూరులో కొడుకింటికి వెళ్లిపోయాడు. బస్సు యజమాని నన్ను పిలిచాడు.

“నువ్వంటే అందురికీ ఇష్టం. నువ్వే మేస్త్రివి. అయితే కుప్పంలో మద్యాన్నం రైలు అందల్ల. మూడుసార్లు తప్పిందంటే మళ్లా బొగ్గుల కాడికే పోతావు, సూడు.”

సాయంత్రానికల్లా మా అమ్మ ఈ సంగతి వీధి వీధంతా చెప్పేసింది. ఇక మళ్లీ బొగ్గుల దగ్గరికి వెళ్తే ఆ వీధిలో తలెత్తుకునేదెట్లా?

అందుకని తల సంగతే ముందు చూసుకున్నా. కొత్త తలపాగా చుట్టాను. నడుం మీద చేతులు పెట్టి మూల నిలబడ్డాను. అవ్వ గొంతు పక్కనపెట్టి, “కానీండ్రా!” అని అరిచాను. మొదటిరోజు డ్రైవరు నా ముఖంలోకి చూసి, “యాలప్పా, పన్ను నొప్పా?” అన్నాడు. నేను ఉరిమి చూశాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. చాచా నన్ను ‘దొర’ అని పిలవడం మొదలుపెట్టాడు. అది మర్యాదేననుకుని మురిసిపోయాను.

మొదటి వారంలోనే రైలు రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ పుంగనూరు దాటాక వచ్చే ఎత్తు దగ్గరే బస్సు మూలిగి నిలబడిపోయింది. జనం దిగి నెట్టారు. నేను అరిచాను. నేను అరిస్తే బొగ్గుకేమన్నా భయమా?

మూడో వారంలో ఒక పొద్దున పుంగనూరులో బస్సు ఆగినప్పుడు, ముసలి మేస్త్రి మమ్మల్ని చూడ్డానికి వచ్చి టీ అంగడి దగ్గర కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన కూలబడ్డాను.

“నీ మాదిరే నిలబడతాండా, నీ మాదిరే అరస్తాండా. ఎవురూ యినడంలేదు. యాల?”

“ఆఁ?” అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మళ్లీ చెప్పాను. మళ్లీ “ఆఁ?” మూడోసారి టీ అంగడి మొత్తానికీ వినబడేలా చెప్పాను. నా కష్టం పుంగనూరు సగానికి తెలిసిపోయింది.

“ఓరి నీ! ఇంజన్ల కాడ చెవులు పోయి పదేండ్లాయె,” అన్నాడు. “నా మాట నాకే వినపడదు, అందుకే అరస్తా. నడుం పట్టేస్తే చేతులు ఆనించి నిలబడతా. నీకేం రోగం?”

“మరి పొద్దున్నే యాది ఇప్పల్లో నీకెట్ల తెలిసేది?”

“మీరు యాడ సూపించి నగుతాంటిరో ఆడ ఇప్పమంటి. అంతే.”

ఇరవై రోజులుగా నేను కష్టపడి నేర్చుకున్నది ఆయన పెద్దరికం కాదు, ఆయన చెవుడూ, నడుం నొప్పీ.

బస్సు కదిలింది. అదే ఎత్తు వచ్చింది. సగం ఎక్కి, గుర్రుమని, అదే చోట ఆగింది. రైలుకు పోవలసినవాళ్లు మూటలతో కిందికి దిగి నా వైపే చూస్తున్నారు. డ్రైవరు ఆకాశం వైపు చూస్తున్నాడు. చాచా బీడీ వెతుక్కుంటున్నాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఏదో ఉంది, కానీ నోళ్లు మూసే ఉన్నాయి.

పీపా పక్కన గొంతుక్కూర్చున్నాను. నోరు తెరిస్తే గొంతు వణికింది. అది అవ్వ గొంతుకు పనికొచ్చింది.

“అయ్యో నాయనా, ఈ తలపాగా ఓడు వచ్చినప్పటినుంచి నన్ను పలకరించే దిక్కు లేదు. సచ్చిపోతాండా. యాడ నొప్పో మీరన్నా చెప్పండి.”

మూటలవాళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. చాచానే ముందు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“అవ్వా, నీకు పెడతాండేది సద్దికూడు. బొగ్గుల డిపోలో మూటలు వట్టి నేల మింద పెట్టుండారు, అడుగువన్నీ చెమ్మ. రెండు ఎండు బొగ్గుల్ని తట్టితే గాజుల మాదిరి మోగల్ల. ఇవి మోగడంలేదు.”

“గొట్టం అతుకు కూడా ఇడిసింది,” అన్నాడు డ్రైవరు. “గాలి పీలస్తాంది. నాలుగు దినాలాయ.”

“నాలుగు దినాలా! చెప్పలేదే?”

“అవ్వ అడగలేదే.”

“ఎండు బొగ్గు ఇప్పుడు యాడ దొరకతాది?”

చాచా బస్సు మీదికి ఎక్కి, టార్పాలిన్ కింద నుంచి ఒక మూట లాగి కిందికి తోశాడు. ఇంట్లో ఎండబెట్టి, నాకు చెప్పకుండా, మూడు రోజులుగా తెచ్చుకుంటున్నాడట. దొర ఎప్పుడు మనిషవుతాడో తెలియదు కదా.

గొట్టానికి చుట్టడానికి గుడ్డ కావాలన్నాడు డ్రైవరు. అందరూ నా తల వైపు చూశారు. తలపాగా విప్పి నిలువునా చించాను. బురద పట్టించి అతుకు చుట్టూ బిగించాం. తలకు గాలి తగిలి హాయిగా ఉంది.

కుప్పం చేరేసరికి రైలు ఇంకా నీళ్లు పట్టుకుంటూ ఉంది. మూటలవాళ్లు పరిగెత్తారు. ఒకాయన పరిగెత్తుతూనే వెనక్కి తిరిగి, “అవ్వకు దండాలు!” అని అరిచాడు. నాకు కాదు, అవ్వకే. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పాను.

మర్నాటినుంచి అవ్వ మాట్లాడకుండా మా షెడ్డులో పొయ్యి రాజలేదు. ఆ పొద్దుటి చలి, బొగ్గు వాసన, డ్రైవరు గొంతు... ఎన్ని ఇంజన్ల దగ్గర పనిచేసినా మళ్లీ దొరకలేదు.

యుద్ధం అయిపోయి కొన్నాళ్లకు పెట్రోలు వచ్చింది. పీపాను విప్పేశాం. గొట్టం అతుకు దగ్గర నా తలపాగా ముక్క మట్టితో కలిసి రాయిలా గట్టిపడి ఉంది. చాచా దాన్ని ఊడదీసి, దులిపి, నా చేతిలో పెట్టాడు.

“తీస్కో మేస్త్రీ,” అన్నాడు. “నీ తల మింద ఉన్నెప్పుడు ఇంత పని చెయ్యలేదు ఇది.”