సీసాలో నీళ్లు

నరసరావుపేట ల్యాబులో ఆ టెక్నీషియనమ్మాయి ప్రతి సీసా మూత తీసి వాసన చూసేది. మా ఆవిడ రొమ్ములోంచి తీసిన క్యాన్సర్ గడ్డను మాచర్ల నుంచి బస్సులో నేనే తెచ్చాను. కంపు కొడుతోందని బస్సులో అందరూ తిడితే, గడ్డ చెడకుండా సీసాలో పోసిన మందు పారబోసి నీళ్లు పోశాను.

నా సీసా కూడా వాసన చూసి, "మందేది బాబాయ్?" అంది.

"ఆస్పత్రోళ్లు ఇచ్చిందదే. పరీక్ష చెయ్యమ్మా."

"చెయ్యను. మాత్రలు పనిచెయ్యాలంటే గడ్డలో హార్మోన్ రిసెప్టర్లు ఉండాలి. చెడిన ముక్కలో అవి ఉన్నా కనపడవు. లేవని రాస్తే పిన్నికి మాత్రలియ్యరు."

నా గోలకు ల్యాబు ఓనరు వచ్చి, పరీక్ష చెయ్యమని ఆ అమ్మాయి మీద అరిచాడు.

"మీరే చేసుకోండి సార్. నేను ముట్టను."

ఆపరేషనుకు ముందు ఆస్పత్రిలో సూదితో తీసిన ముక్క తెప్పించి, దానికి ఆ అమ్మాయే పరీక్ష చేసింది. రిసెప్టర్లు ఉన్నాయి. మాత్రలు మొదలయ్యాయి.

గడ్డను ల్యాబు పిల్లే పాడుచేసిందని ఊరంతా చెప్పాను. నిన్న మా ఆవిడకు నిజం చెప్పాను.

మాత్ర మింగి, "నాకు కాదయ్యా, ఊరికి చెప్పు" అంది.