సున్నపు వీపులు

మా ఊరి పాత బడిని ఎవరు కట్టారని అడిగితే మూడు జవాబులు వస్తాయి. మిషనరీ దొరగారు కట్టించారంటారు చర్చి పెద్దలు. స్థలమిచ్చింది తమ తాత కాబట్టి తామే కట్టించినట్టంటారు పొలాలున్నవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం "నేనేగా కట్టింది" అనేది. ముగ్గురిలో అబద్ధమాడే అలవాటు లేనిది ఆవిడొక్కతే. అందుకేనేమో, ఆవిడ మాట ఎవరూ నమ్మలేదు. పంతులమ్మనైన నేను కూడా.

ఊరు తెనాలి నుంచి చుండూరు వెళ్ళే దారిలో ఉంది. బడి ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. ఆదివారం బల్లలు తూర్పుకి తిప్పితే చర్చి, సోమవారం పడమరకి తిప్పితే మూడో తరగతి. మూరెడు మందం ఇటుక గోడలు, ఏనుగు పట్టేంత కమాను గుమ్మాలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి పైన సున్నం పరిచిన మిద్దె. ఆ మిద్దె మీద మా నాయనమ్మ మరో ఇరవైమంది ఆడకూలీలతో బారు తీరి కూర్చుని, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ, చెక్కలతో రోజుల తరబడి సున్నం కొట్టిందట. "దాహమేసి ఆ బెల్లం నీళ్ళు ఓ గుక్క తాగితే మేస్త్రీ కేకలేసేవాడే. మిద్దే గోడా మాత్రం కడవలకి కడవలు తాగాయి" అని చెప్పేది. గోడ మీద ఆవిడకి చివరిదాకా ఆ కోపం పోలేదు.

ఆ గోడలకి ఒకటే దుర్గుణం. ఆనుకుంటే అంటుకుంటాయి. ఏటా క్రిస్మస్‌కి ముందు ప్రతి ఇంటి నుంచీ ఒక కుండ సున్నం బడికి రావాలి. రేపల్లె వైపు నుంచి బండ్ల మీద వచ్చే గుల్లసున్నాన్ని ఇళ్ళలో నానబెట్టి, తెచ్చి గోలెంలో పోసి, మట్టలు చితక్కొట్టి చేసిన కుంచెలతో అందరూ కలిసి వెల్ల వేసేవారు. పండగనాడు పాటలయ్యేసరికి సంఘం మొత్తానికి వీపులు తెల్లగా ఉండేవి. మాకెవరికీ అది వింతగా తోచేది కాదు, ఎవరి వీపు వాళ్ళకి కనపడదు గనక.

నాకు తెనాలి హైస్కూల్లో కనపడింది. ఆదివారం చర్చికి వేసుకున్న పరికిణీ జాకెట్టే సోమవారం వేసుకుని ఆరో తరగతిలో చేరాను. వెనక బెంచీ అమ్మాయి "సున్నపు వీపొచ్చిందే!" అంది. క్లాసంతా నవ్వింది. నేను ఏ ఊరో, ఊళ్ళో ఏ పేటో, మా అమ్మానాన్న ఎవరి చేలో పనిచేస్తారో, నేను నోరు విప్పకుండానే నా వీపు చెప్పేసింది. ఆ రోజు ఇంటికొచ్చి గోడని కాలితో తన్నాను. గోడకేం కాలేదు, బొటనవేలు వాచింది.

గోడ మీద కసి తీర్చుకునే అవకాశం ముప్పై ఏళ్ళకి వచ్చింది. అదే బడికి ప్రధానోపాధ్యాయురాలినై వెళ్ళాను. మరమ్మతులకి గ్రాంటు వచ్చింది. నా మొదటి ఉత్తర్వు, గోడలన్నిటికీ సిమెంటు పూత, పైన ఆకాశనీలం ఆయిల్ పెయింటు. ముసలి తాపీమేస్త్రీ తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"వద్దమ్మగారూ. ఈ గోడకి ఊపిరాడదండి."

"గోడకి ఊపిరేంటి మేస్త్రీ? సైన్సు చెప్పేది నువ్వా, నేనా?"

చెప్పేది నేనే గనక పని జరిగింది. నా పేరు చెక్కిన నల్లరాయి కూడా గుమ్మం పక్కన పెట్టారు. క్రిస్మస్ కుండలు ఇక అక్కర్లేదని కబురు చేశాను. పిల్లలు శుభ్రమైన వీపులతో ఇళ్ళకి వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

రిటైరై తెనాలిలో ఉంటున్నాను. పోయినేడు ఊరి నుంచి ఫోను వచ్చింది. భవనం ప్రమాదకరంగా ఉందట, పడగొడతారట, వీడ్కోలు సభకి చరిత్ర రెండు పేజీలు రాసిపెట్టమని అడిగారు. బాగానే రాశాను. దొరగారితో మొదలుపెట్టి, 'కాలం కాటుకి బలైపోతున్న కట్టడం' అని ముగించాను. తప్పు కాలం మీద వేస్తే ఒక సుఖం ఉంది, అది సభకి వచ్చి కాదనదు.

సభకి ఇంజనీరు మాత్రం వచ్చాడు. నా దగ్గర నాలుగో తరగతి చదివినవాడే. గుమ్మం పక్కన ఉలితో రెండు దెబ్బలు వేశాడు. సిమెంటు పెచ్చు పళ్ళెమంత ఊడిపడింది. వెనక గోడ తడిసి, చేత్తో తీస్తే మట్టిలా వచ్చింది. పైన పటారం, లోన లొటారం.

"మిద్దె ఉక్కులా ఉందండి. గోడనే ఎవరో సిమెంటుతో మూసేశారు, చెమ్మ బయటికి పోయే దారి లేక లోపల్లోపలే కుళ్ళింది. ఇదంతా ఒలిచేసి, ఒక ఎండాకాలం ఆరనిచ్చి, మళ్ళీ సున్నం పెడితే నిలబడుద్దండి."

అలా చెబుతున్నప్పుడు అతని చెయ్యి నా పేరున్న రాయికి జానెడు దూరంలో ఉంది. అటు చూడకుండానే మాట్లాడాడు. పెద్దల తప్పు నలుగురిలో ఎత్తిచూపకూడదని అతనికి నేర్పింది నేనే.

ఒక చర్చి పెద్ద అడ్డొచ్చాడు. "ఎందుకొచ్చిన బాధ బాబూ, పడగొట్టేద్దాం. ఆ రోజుల్లో కూలోళ్ళకి పనేం తెలుసు? సున్నం సరిగా కొట్టుండరు."

నా ఒళ్ళు మండిపోయింది. బెల్లం నీళ్ళ గుక్క కోసం తిట్లు తిన్న మనిషి గుర్తొచ్చింది. చేతిలో కాగితాలు మడిచి లేచాను.

"సున్నం సరిగానే కొట్టారండి. మా నాయనమ్మ కొట్టింది. పాడుచేసింది నేను. మేస్త్రీ వద్దన్నా వినలేదు. చిన్నప్పుడు నా వీపు మీద సున్నం చూసి ఒకమ్మాయి నవ్విందని చేశాను."

"ఆ మాత్రానికేనా అమ్మా?" అన్నాడాయన.

ఆ మాత్రానికే. చెప్పాక సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను, ఆకలేసింది.

పడగొట్టడం ఒక ఏడాది ఆపారు. ఒలుపు నా రాయితోనే మొదలుపెట్టమని నేనే అడిగాను. ఎండాకాలమంతా గోడలు పుండు మీద చెక్కు తీసినట్టు ఎర్రగా నిలబడి ఆరాయి. ఈ డిసెంబరులో కుండలు మళ్ళీ వచ్చాయి. కుండలంటే ప్లాస్టిక్ బకెట్లే, గుల్లసున్నం బదులు ప్యాకెట్ సున్నం, అయినా ఇంటికొకటి వచ్చింది. నేనూ ఒకటి మోశాను. పాటలవుతున్నంతసేపూ గోడకి ఆనుకునే కూర్చున్నాను.

తిరిగి తెనాలి బస్సెక్కి, సీటు లేక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వెనక సీటులోంచి ఒకావిడ, "అయ్యో పిన్నిగారూ, మీ వీపంతా సున్నమండి" అంటూ దులపబోయింది.

"ఉండనీ అమ్మా, దులపకు" అన్నాను. "మా నాయనమ్మ కట్టిన బడిది."