బెండకాయల ముందు ఇంగ్లీషు

ఇంటర్ పాసైన ఆడవాళ్లకు ఉద్యోగాలున్నాయని ఆటోకు మైకు కట్టుకుని మా వీధిలో చెప్పుకుంటూ పోయిన రోజు నేను అంట్లు తోముతున్నాను. మా గద్వాలలోనే కొత్తగా పెద్ద మార్టు తెరుస్తారట. ముందు వనపర్తిలో రెండు నెలలు దుకాణపు ఇంగ్లీషు నేర్పుతారట. ఫీజు లేదట. ఆఖర్న నాగర్‌కర్నూల్‌లో పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను పనిలోకి తీసుకుంటారట. చేతులకున్న బూడిద కూడా కడుక్కోకుండా ఆటో వెంట పరుగెత్తాను. నా ఇంటర్ సర్టిఫికెట్ పెట్టె అడుగున పడి పన్నెండేళ్లయింది. దాంతో అప్పటిదాకా ఒక్క పనీ పడలేదు.

పెళ్లయినప్పటి నుంచి ప్రతి వానాకాలం నా పని విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో క్రాసింగ్. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి పుప్పొడి గిల్లేయాలి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఒక మొగ్గ కాదు, రెండు కాదు, చేనంతా. గోళ్ల సందున చేరిన నలుపు దీపావళి దాకా వదలదు. ఆ పని నాకు చేతకాక కాదు, చేసీ చేసీ విసుగు పుట్టింది. ఇంకోసారి ఆ చేలోకి దిగాలంటే ఏడుపొచ్చేది. ఆ మాట మా అత్తకు ఒక్కదానికే తెలుసు.

మా అత్త బస్టాండు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతుంది. నేను ఇంటికి రాకముందు నుంచీ అదే చోటు, అదే గోనెపట్టా. మా ఆయన జేసీబీ మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఇంట్లో మాట అత్తదే. నేను విషయం చెప్తే తక్కెడ తుడుస్తూ విన్నది.

"రెండు నెల్లు ఇల్లు నేను నడిపిస్త. నౌకరి అయితే మంచిదే. గాకుంటే నోరు మూసుకోని పత్తికి పోవాలె. మల్ల మూతి ముడుసుడు ఉండొద్దు," అన్నది.

సరేనన్నాను. అనక చస్తానా.

వనపర్తి క్లాసులో మేం ఇరవైమందిమి. సారుది నాగర్‌కర్నూల్, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాడు. నేను సార్ అంటే ఆయన అక్కా అనేవాడు. రోజుకు ఇరవై మాటలు బోర్డు మీద రాసేవాడు. రిటైల్, హోల్‌సేల్, స్టాక్, మార్జిన్, ఇన్వాయిస్. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసుకుని, బస్సులో నిలబడి ఆ మాటలే నెమరేసేదాన్ని. బీచుపల్లి వంతెన మీద బస్సంతా ఆంజనేయస్వామికి దండం పెడుతుంటే, నేను కళ్లు మూసుకుని "ఇన్వాయిస్, ఇన్వాయిస్" అని గొణిగేదాన్ని. పక్కనున్న ముసలమ్మ అదేదో కొత్త మంత్రమనుకుని నా వైపు భక్తిగా చూసింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా అత్త దగ్గరికే పోయేదాన్ని. ఆమె పక్కన కూర్చుని గిరాకీల మధ్య మాటలు అప్పజెప్పేదాన్ని. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ మాటా ఊరికే పోనిచ్చేది కాదు, ప్రతిదానికీ అర్థం అడిగేది. పెరిషబుల్ గూడ్స్ అంటే తొందరగా చెడిపోయే సరుకు అని చెప్తే, పాలకూర కట్టల మీద నీళ్లు చల్లుతూ, "గిది చెప్పెతందుకు వనపర్తి దాంక పోవాల్నా?" అన్నది.

ఒకరోజు సారు బోర్డు మీద రెండు గీతలు గీసి, ధర పెరిగితే కొన్ని వస్తువుల డిమాండ్ పడిపోతుంది, కొన్నిటిది పడిపోదు అని గంటసేపు చెప్పాడు. నాకు గీతలే కనిపించాయి గానీ విషయం తలకెక్కలేదు. అత్తకు వచ్చీరాని మాటల్లో చెప్పాను.

"టమాట పిరమైతే చింతపండు ఏసుకుంటరు. ఉల్లిగడ్డ పిరమైతే ఏడ్సుకుంట కొంటరు. గంతేనా?"

గంతే. మర్నాడు సారు అడిగితే నేను లేచి ఉల్లిగడ్డా టమాటా అని చెప్పాను. ఆయన నోట్సులో రాసుకుని, "అక్కా, గిది మీకు ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు. మా ఇంట్లో ఒక లెక్చరర్ ఉంది సార్ అన్నాను.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే పద్ధతి గురించి చెప్పినప్పుడు మాత్రం అత్త నమ్మలేదు. "ఉత్తగ ఎవడిస్తడే పిచ్చిదానా? మొదటిదాంట్లనే రెండోదాని పైసలు కలిపిండ్రు," అని నన్నే తిట్టింది. ఆ మార్టుకు నేనే యజమానినైనట్టు గట్టిగా వాదించి ఓడిపోయాను.

అత్తకు ప్రపంచంలో ఒకేఒక్క శత్రువు ఉంది. బెండకాయ కొస తుంచి చూసే గిరాకీ. లేతదా ముదురుదా చూడాలని పది కాయల కొసలు టకటకా విరిచి, పావుకిలో కొనుక్కుని పోతారు. విరిచిన కాయలను తర్వాత ఎవరూ ముట్టరు. అలాంటివాళ్లు కనబడితే చాలు, అత్త గొంతు బస్టాండు అవతలికి వినిపించేది. ఆమె పక్కన కూర్చోగా కూర్చోగా ఆ కోపం నాకూ అంటుకుంది. అసలే నా నోరు ఊరుకునే నోరు కాదు.

పరీక్ష రోజున వనపర్తిలో బస్సు మారి నాగర్‌కర్నూల్ చేరాను. రాతపరీక్ష బాగానే రాశాను. తర్వాత ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, దుకాణంలో మాట్లాడినట్టు మాట్లాడించారు. మార్టు నుంచి వచ్చిన మేడమ్ గిరాకీగా నటిస్తుంది, మేం జవాబు చెప్పాలి. బల్ల మీద బుట్టలో నిజం కూరగాయలే పెట్టారు. నా వంతుకు వచ్చింది కంప్లైంట్. ఏం చెప్పాలో సారు నాలుగు రోజులు వల్లె వేయించాడు. సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్ మేడమ్, మీ బిల్లు చూపించండి, వెంటనే మార్చి ఇస్తాం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మేడమ్ మొహం చిట్లించి, "దీజ్ ఆర్ నాట్ ఫ్రెష్. ఐ వాంట్ రీఫండ్," అంటూ బుట్టలోంచి ఒక బెండకాయ తీసి కొస టక్కున విరిచింది. ఇంకోటి తీసి విరిచింది. మూడోది కూడా విరిచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. సారీ ఎటు పోయిందో తెలియదు.

"మేడమ్, వై యూ ఆర్ బ్రేకింగ్? దిస్ ఈజ్ పెరిషబుల్ గూడ్స్. యూ బ్రేక్, నెక్స్ట్ కస్టమర్ విల్ నాట్ బై. అవర్ మార్జిన్ ఈజ్ వెరీ స్మాల్. నాట్ ఫ్రెష్ మీన్స్, మార్నింగ్ వై యూ పర్చేజ్డ్? నో రీఫండ్. ఫస్ట్ యూ పే ఫర్ త్రీ లేడీస్ ఫింగర్స్."

నా జన్మలో అంత ఇంగ్లీషు అంతకుముందు ఒక్కసారిగా మాట్లాడలేదు. వెనక కూర్చున్నవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. సారు తల పట్టుకున్నాడు. మేడమ్ చేతిలోని కొసను చూసి, నన్ను చూసి, కాగితం మీద ఏదో రాసుకుని ఇక వెళ్లమన్నది. బయటికొచ్చాక గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. రెండు నెలలు చదివి రెండు నిమిషాల్లో నా చేతులారా తగలబెట్టుకున్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి దారంతా ఏడ్చాను.

అత్త నా మొహం చూసి సంగతి గ్రహించింది. జరిగింది చెప్తే, మేడమ్‌తో అన్న మాటలన్నీ ఇంగ్లీషులోనే మళ్లీ చెప్పమన్నది. చెప్పాను. పక్క పట్టాల వాళ్లను పిలిచి, ఇంకోసారి చెప్పించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ కడుపుబ్బ నవ్వారు.

"నవ్వకు అత్తా. దుకాణంల గిరాకీ ఎప్పుడూ రైటే అనాల్నంట."

"ఎవలు చెప్పిండ్రు?"

"సారు."

"ఆ సారు ఎన్నడన్న బెండకాయలు అమ్మిండా?"

ఆ రాత్రి ఆమె నవ్వుతూనే పడుకుంది. నాకు మాత్రం కంటి మీద కునుకు లేదు. మాట మాటే కదా, ఇక పత్తికి పోవాలి.

తెల్లవారి ఇంకా పొయ్యి వెలిగించలేదు, పత్తి మేస్త్రి వచ్చింది. ఆమె ఏటా మా వీధిలో తిరిగి క్రాసింగుకు కూలీల పేర్లు రాసుకుపోతుంది. "ఈ యేడు మొగ్గ జల్దిన వచ్చింది. నీ పేరు రాసుకుంటున్న," అన్నది గుమ్మం దగ్గర నిలబడి. రాసుకో అక్కా అనబోయాను. నోరు తెరిచాను కూడా.

అత్త కూరగాయల గంప కట్టుకుంటూ తల ఎత్తకుండా, "మా కోడలు రాదు," అన్నది.

"నౌకరి అయిందా ఏంది?"

"గాలేదు. అయినా రాదు. ఇంకొకల్ల పేరు రాసుకో."

మేస్త్రి వెళ్లిపోయింది. రెండు నెలలే అన్నావు కదత్తా అని మెల్లగా అడిగాను. "అన్న. నేనే అన్న. నిన్న నువ్వు మాట్లాడింది ఇన్నంక నాకే మనసొప్పలే. గిది గాకుంటే ఇంకో పరీచ్ఛ రాయి. పట్టా జర జరిపి నీకు గూడ జాగ చేస్త," అన్నది. గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టడానికి వంగితే నాకు కళ్లనిండా నీళ్లొచ్చి గంప సరిగ్గా కనిపించలేదు. ఆమె దానికీ తిట్టింది.

నాలుగో రోజు ఆ మేడమే ఫోన్ చేసింది, తెలుగులోనే మాట్లాడింది. "మీరు సేల్స్‌కు పనికిరారు," అని ముందే చెప్పేసింది. తర్వాత, పొద్దున లారీలో వచ్చే కూరగాయలను చూసి దించుకునే చోట ఒక మనిషి కావాలి, చెడ్డ సరుకు వస్తే తిప్పి పంపాలి, సప్లయర్లతో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పోట్లాడాలి, మీ వల్ల అవుతుందా అని అడిగింది. నేను అవుతుందనే లోపే నవ్వింది.

బస్టాండుకు ఉరికి అత్తకు చెప్పాను. జీతం ఎంతో అడుగుతుందనుకున్నాను, అడగలేదు. మార్టు పెద్దదా చిన్నదా అనీ అడగలేదు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన కొంగు కప్పుకుని కళ్లు చికిలించి నా వైపు చూసింది.

"నువ్వు నిలవడే కాడ ఎండ ఉంటదా?"

"లేదత్తా. పైన కప్పు ఉంది."

"అయితే పో," అన్నది.