పొలిమేర దగ్గరి ముడి

నా చిన్నప్పుడు మా ఊళ్లో కాన్పు కష్టమైతే ఇంట్లోని ముడులన్నీ విప్పేవారు. మూటలు విప్పాలి, పెట్టెల మూతలు తీయాలి, ఆడవాళ్లు కొప్పులు వదిలేయాలి. ఎక్కడా బిగింపు లేకపోతే బిడ్డకు దారి దొరుకుతుందని నమ్మకం. మా అమ్మమ్మ మంత్రసాని. రుద్రారం దాటాక బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా ఉండే మా ఊళ్లో చాలామంది ఆమె చేతుల్లోనే పుట్టారు. నేనూ అంతే.

ముందురోజు నుంచి నొప్పులు పడుతున్న పక్కింటి అక్కకు ఒకనాడు మధ్యాహ్నానికి కేక వేసే ఓపిక కూడా లేకపోయింది. రోజూ నా తల దువ్వి జడ వేసే అక్క ఆమె. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నా ఎవరూ నన్ను పొమ్మనలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

అమ్మమ్మ అక్క కడుపు మీద చెయ్యి వేసి చూసింది. మళ్లీ చూసింది. ఆమె ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోదామని మెల్లగా అంది.

అక్క అత్త తలుపుకు అడ్డం నిలబడింది. "ఆ మాట ఎత్తకు అక్కా! నా పెద్దబిడ్డను గాడికే తీస్కపోయినం. పీనుగను సాపల సుట్టి తెచ్చినం. దీన్ని గూడ పంపాల్నా?" ఆ మాటల్లో కోపం లేదు, వణుకు ఉంది.

అమ్మమ్మ వాదించలేదు. ఇంట్లో ఇంకా ఎక్కడో ముడి మిగిలిందని, అందరినీ వెతకమని పురమాయించింది. అత్త జొన్న మూటల మీద పడింది. ఎవరో ఉట్టి తాడు విప్పారు. అక్క పెనిమిటి కంగారులో తన ధోతి ముడి మీద చెయ్యి వేశాడు. "అది ఉండనియ్యిర కొడుకా! నువ్వు పోయి ఎడ్ల పలుపులు ఇప్పు," అంది అమ్మమ్మ. అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడ్లను విప్పాక వాటిని బండికి కట్టమంది.

"ఇప్పమన్నవు, మళ్ల కట్టమంటున్నవేంది?" అంది అత్త.

"ఆఖరి ముడి ఇంట్ల లేదు చెల్లె. పొలిమేర కాడ ఉన్నది. కోడలు అది దాటాలె. జల్దీ!"

అక్కను బండిలో పడుకోబెట్టారు. అమ్మమ్మ ఒక పక్క, అత్త ఒక పక్క కూర్చున్నారు. ఎక్కిన నన్ను దిగమనడం ఎవరికీ గుర్తు రాలేదు. బండి కుదిపినప్పుడల్లా అక్క నా చెయ్యి నొక్కేది. పోనుపోను ఆ పట్టు సడలింది. పొలిమేర రాయి దాటాం. ఏమీ కాలేదు. బండీ ఆగలేదు. రోడ్డెక్కగానే అమ్మమ్మ కిందికి దూకి, సంగారెడ్డి వైపు వెళ్తున్న లారీకి ఎదురుగా చేతులు చాపి నిలబడింది.

లారీ ఆగింది. అప్పుడు అత్తకు అర్థమైంది. "మోసం చేసినవు," అంది.

"చేసిన చెల్లె. ముడి లేదు, ఏం లేదు. బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నా చేతుల లేదు. నన్ను కొడ్తవో తిడ్తవో దవాఖాన కాడ జెయ్యి. ఇప్పుడైతే లారీ ఎక్కు."

డ్రైవరు హారన్ కొట్టాడు. అత్త కోడలి వైపు ఒకసారి చూసింది. లారీ ఎక్కి, అక్క తల ఒళ్లో పెట్టుకోవడానికి చేతులు చాపింది.

దవాఖానలో కోత పెట్టి బిడ్డను తీశారు. అంతసేపూ వరండాలో అమ్మమ్మ, అత్త ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నారు. నర్సమ్మ తలుపు తీసి తల్లీ బిడ్డా క్షేమమని చెప్పగానే అత్త అమ్మమ్మ భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. ఆ భుజం మీదే ముఖం పెట్టుకుని ఏడ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మమ్మను అడిగాను, నా చేతుల్లో లేదని నీ నోటితోనే అన్నావు కదా, ఇక నిన్ను కాన్పులకు ఎవరు పిలుస్తారని. "పిలవకుంటె ఏమాయె బిడ్డా? అది బతికింది గద," అంది.

పెద్దయ్యాక నేను సర్కారు దవాఖానలో ఆయాగా చేరాను. అక్షరాలు నేర్చుకున్నది ఆ కొలువు వదిలాకే. అక్కడ ఉన్నన్నాళ్లూ, కాన్పు గది ముందు దొంగచాటుగా మూటల ముడులు విప్పుకునే అత్తలను చూశాను. చిన్న నర్సులు నవ్వేవారు. నేను పక్కన కూర్చుని ఆ అత్తలతో కలిసి విప్పేదాన్ని. విప్పుతూనే, డాక్టరమ్మ పట్నం పెద్ద దవాఖానకు పంపాలంటే ఎందుకు వద్దనకూడదో చెప్పేదాన్ని. అది నా పని అని ఎవరూ నాకు అప్పగించలేదు. నేను దవాఖానలో ఉన్నది మాత్రం అందుకేనని అనిపించేది.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా నొప్పులు మొదలయ్యాయని తెలిస్తే నా చెంగు ముడి విప్పుకుంటాను. ఆ వెంటనే బండి సిద్ధంగా ఉందా అని అడుగుతాను.