తప్పంతా కురమోచి గారిదే

కురమోచి ఏజో గారు తన జన్మలో ఒక్క తప్పైనా స్వయంగా చేశారా? ఎన్నేళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. క్షమాపణలు మాత్రం టోక్యో మొత్తం మీద ఆయన చెప్పినన్ని ఇంకెవరూ చెప్పి ఉండరు. లిఫ్టులో ఎవరైనా తన కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు ఆయనే మన్నించమనేవారు. ఫోనులో క్షమాపణ చెబుతూ ఎంత వంగేవారంటే, నుదురు వెళ్ళి బల్లకు కొట్టుకునేది. చూడలేక ఆఫీసు పిల్లలు బల్ల అంచుకి ఒక దిండు కట్టారు. దిండు కట్టే శ్రమ కలిగించినందుకు వాళ్ళందరికీ విడివిడిగా క్షమాపణలు అందాయి.

ఆ ఆఫీసు షిబుయాలో, ఒక పచింకో జూదశాల పైన ఉండేది. కంపెనీ పేరు ముసుబినో డాట్ కామ్. పెళ్ళికో పురిటికో గృహప్రవేశానికో ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో కానుకలు పంపుకోవచ్చు. పేరు చివర డాట్ కామ్ ఉంటే చాలు, బ్యాంకులవాళ్ళు ఎదురొచ్చి అప్పులిచ్చే రోజులవి. అధ్యక్షుడు హయామి గో ఇరవయ్యారేళ్ళవాడు. హవాయి చెప్పులతో తిరుగుతూ, పింగ్‌పాంగ్ బల్ల చుట్టూ సమావేశాలు జరిపేవాడు. నష్టం ఏటా రెట్టింపయ్యేది. దాన్ని ఆయన ఎదుగుదల అనేవాడు. గోడ మీద పెద్ద అక్షరాలతో 'దూరం చచ్చిపోయింది' అని రాయించాడు. చచ్చిపోయిన ఆ దూరాన్ని రోజూ రైలెక్కి దాటేది కురమోచి గారొక్కరే.

నెరిసిన తల ఒక్కటీ లేని కంపెనీని ఎవరు నమ్ముతారని పెట్టుబడిదారులు అడిగితే, ఒక డిపార్ట్‌మెంటు స్టోరులో ఫిర్యాదుల బల్ల దగ్గర నెరిసిన తలను వెతికి తెచ్చుకున్నారు. కంప్యూటరు ఎలా వెలిగించాలో కూడా కురమోచి గారికి తెలియదు. కుర్రాళ్ళు ఎవరికైనా ఈమెయిలు పంపితే, వెంటనే వాళ్ళకు ఫోను చేసి, "ఇప్పుడే తమకొక ఈమెయిలు పంపి ఇబ్బంది పెట్టాం, మన్నించాలి" అనేవారు. ఒకసారి సైటు గంటసేపు ఆగిపోతే, యోకాన్ మిఠాయి పెట్టె పట్టుకుని చిబా దాకా వెళ్ళి ఒక ముసలాయన్ను నిద్రలేపారు. ఆగిపోయిన సంగతే ఆ ముసలాయనకు తెలియదు. నిద్ర చెడగొట్టినందుకు మర్నాడు ఇంకో పెట్టె వెళ్ళింది.

ఎప్పుడూ యోకానే ఎందుకని ఒకసారి చిగుసా అడిగింది. ప్రోగ్రాములు రాసే పిల్ల, ఆయన పక్క బల్ల ఆమెదే.

"క్షమాపణకు బరువుండాలమ్మా. చేతిలో పెడితే చెయ్యి కాస్త కిందికి దిగాలి" అన్నారాయన.

ఆ ఏడాది జూన్‌లో చిగుసా నెత్తినే బరువు పడింది. కానుక మీద కట్టే ఎర్రతెల్ల తాడును ఏ సందర్భానికి ఎలా ముడివేయాలో గిడ్డంగివాళ్ళకు చెప్పే ప్రోగ్రాము ఆమె రాసిందే. సంతోషం సంతోషమే కదా అని శుభకార్యాలన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. పురిటి కానుకకు లాగితే ఊడే పువ్వుముడి వేస్తారు, ఆ శుభం మళ్ళీ మళ్ళీ రావాలని. పెళ్ళికి ఊడిరాని ముడి వేస్తారు, ఒక్కసారితో సరిపోవాలని. నాగానో కొండల్లో సాకే సారా కాచే ఒగివారా అమ్మగారు ముసుబినో ద్వారా ఒక పెళ్ళికి పీపా పంపిస్తే, అది పువ్వుముడితో వెళ్ళింది. వరుడికి అది రెండో పెళ్ళి. మూడోది కూడా జరగాలని దీవించినట్టుందని వధువు తండ్రి విందు మధ్యలో లేచిపోయాడు.

తప్పు చేసినవాళ్ళను తీసేయాలి, లేకపోతే తనతో పాటు ఆ జిల్లా సారావాళ్ళంతా సైటు నుంచి తప్పుకుంటారని అమ్మగారు కబురు పెట్టింది. హయామి చిగుసాను పింగ్‌పాంగ్ బల్ల దగ్గరికి పిలిచాడు.

"మనదంతా ఒకే కుటుంబం చిగుసా. కాకపోతే కుటుంబంలో ఒకరు తగ్గాలి."

ఉద్యోగం పోతే సొంతూరు ఒకయామాలో నాన్న టాటామీ చాపల దుకాణంలో కూర్చోవాలి. ఇంటర్నెట్ కూడా ఒక పనేనా అని అడిగిన నాన్న పక్కనే కూర్చోవాలి. తానే వెళ్ళి ఒప్పుకుంటానంది చిగుసా. కురమోచి గారు అప్పటికే రెండు పెట్టెలు సంచీలో సర్దుకుని, టిక్కెట్లు కూడా తీసేశారు.

దారిపొడుగునా ఆమె చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంది. తీరా అమ్మగారి ఇంటి వాకిట్లో నోరు తెరిచే లోపే ఆయన మట్టినేల మీద మోకరిల్లి నుదురు ఆనించేశారు. అక్కడ దిండు కూడా లేదు.

అమ్మగారు గడప మీద కూర్చుని నిట్టూర్చింది. "మళ్ళీ మీరేనా కురమోచి గారూ."

"నేనేనండి."

"చలికాలంలో మా పీపా పక్కూరి గుడికి చేరింది. అప్పుడూ తప్పు మీట మీరే నొక్కానన్నారు."

"ఈ చెయ్యేనండి."

"ఏ వేలు?"

కురమోచి గారు లేచి, తన పది వేళ్ళనూ కాసేపు పరీక్షగా చూసుకుని, కుడి చూపుడువేలు ముందుకు చాచారు. చిగుసా గొంతు సవరించుకుంది. ఆయన మళ్ళీ నుదురు నేలకు కొట్టారు. ఆ చప్పుడులో ఆమె మాట కలిసిపోయింది.

"ఈ అమ్మాయెవరు?"

"నేను మళ్ళీ ఏమీ నొక్కకుండా కాపలాకు పంపారండి."

అమ్మగారు ఆ వేలిని చూసింది, తెల్లగా పాలిపోయిన చిగుసా మొహాన్ని చూసింది, లేచి టీ పెట్టించింది. టీ అయ్యాక షిబుయాకు ఫోను చేసింది.

"హయామి గారా. ఎవర్నీ తీసేయొద్దు. ఈయన్ని తీసేస్తే రేపు మీరు ఇంకో తప్పు చేసినప్పుడు మా ఇంటికెవరొస్తారు? ఆయన వేలు మాత్రం కంప్యూటరు మీద పడనీయకండి."

హయామి ఆ మాటను గోడమీదికి ఎక్కించాడు. మర్నాటి నుంచి 'దూరం చచ్చిపోయింది' కిందే 'కురమోచి గారు మీటలు ముట్టరాదు' అని ఉండేది. అది చూసి కొత్తవాళ్ళు ఆయనంటే భయపడేవారు.

కానీ అది మర్నాటి మాట. తిరుగు రైల్లో చిగుసా అడిగింది. "నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"నీ వయసువాళ్ళు ఒప్పుకుంటే జనానికి తప్పు గుర్తుంటుంది. నా వయసువాళ్ళు ఒప్పుకుంటే మిఠాయి గుర్తుంటుంది."

ఆ క్షణంలో ఆమెకు తెలిసింది, ఊరూరా ఎంతమంది దృష్టిలో ఈయన దేశంలోకెల్లా చేతకాని కంప్యూటరు మనిషో. తన తోటివాళ్ళ పొరపాట్లన్నీ ఏ కొండల్లో ఏ వాకిట్లో ఈయన పేరు మీద జమయ్యాయో. కృతజ్ఞత ఎలా చెప్పాలా అని ఆమె కిటికీ వైపు తిరిగి మాటలు కూర్చుకుంది. బాగానే కుదిరాయి. ఇటు తిరిగేసరికి పక్క సీటు ఖాళీ.

రైలు తకాసాకిలో ఆగి ఉంది. కురమోచి గారు ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నారు, మిగిలిన పెట్టె చంకలో ఉంది. వెళ్ళొస్తానని చెప్పలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. తకాసాకిలో ఏ తప్పు జరిగిందో, ఎవరు చేశారో చిగుసాకు తెలియదు. ఎవరిదైనా, ఇంకో గంటలో అది ఆయనదైపోతుంది. ఎదురొచ్చిన కూలీ ఒకడు ఆయన భుజానికి గట్టిగా తగిలాడు. కురమోచి గారు ఆగి, టోపీ తీసి, వాడికి నడుం దాకా వంగి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.