తుపాకి స్టేషన్‌లో... తూటాలు అరుగు మీద

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో, తెల్లారేసరికి మా అరుగు మీద మూడు తూటాలు వరుసగా నిలబడి ఉండేవి. ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి, ఇత్తడిది ఒకటి. వాటి చుట్టూ ముగ్గురు పెద్దమనుషులు. మా జేజినాయన, అంటే నాన్నకు నాన్న... ఆయన తుపాకికి కట్టెపని చేసిపెట్టిన మస్తాన్ మామ... రెండు రోజులుండి పోతానని పులివెందుల నుంచి వచ్చి, పది రోజులైనా కదలని మా జేజి, అంటే నాయనమ్మ, తమ్ముడు.

ముగ్గురిదీ ఒకటే పంచాయితీ. అడవిపందికి ఏ తూటా మంచిది?

ఎర్రదాని మీద ఎల్జీ అని, పచ్చదాని మీద ఎస్జీ అని ఇంగ్లీషు అక్షరాలుండేవి. అవి చదివి చెప్పే ఉద్యోగం నాది. ఎల్జీలో గుండ్లు తక్కువ, కానీ పెద్దవి... పంది తోలు మందం కాబట్టి అదే దిగుతుందని జేజినాయన. ఎస్జీలో గుండ్లు ఎక్కువ, ఏదో ఒకటి తగలక పోదని మస్తాన్ మామ. అవన్నీ పిట్టల తూటాలు, రైఫిల్ తూటా ఒక్కటి చాలని పులివెందుల తాత. ఇత్తడిది ఆయన జేబులోంచి వచ్చిందే. పొద్దెక్కేకొద్దీ మాట పంది మీంచి అడవిదున్నకు, అక్కడి నుంచి ఏనుగుకు పోయేది. ఆ ముగ్గురిలో ఏనుగును చూసినవాడు మస్తాన్ మామ ఒక్కడే... అదీ ప్రొద్దుటూరులో, సర్కస్‌లో.

ఇంత చర్చ జరుగుతోంది కదా... ఇంట్లో తుపాకి లేదు.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో పెట్టాలి. మా జేజినాయనదీ పెట్టాడు. ఎన్నికలైపోయాయి, వచ్చి తీసుకుపొమ్మని కబురు కూడా వచ్చింది. అయినా పోడు. ఎందుకంటే మా జమ్మలమడుగు వైపు ఒక లెక్క ఉంది... అందరికన్నా ముందు పోయి తుపాకి తెచ్చుకున్నవాడికి ఎవరి మీదో కడుపులో కక్ష ఉన్నట్టు. పందుల కోసమని నెత్తీనోరూ కొట్టుకున్నా ఎవరూ నమ్మరు.

ఊర్లో తుపాకి ఉన్న ఇంకో ఆసామి ఓబుల్‌రెడ్డి. "ఆయప్ప ముందు పోనీ. మర్నాడే నేను పోతా" అనేవాడు జేజినాయన.

మా బావి కింద మూడెకరాల్లో జేజి వేసిన తీగ శనక్కాయ ఉండేది. ఎర్రటి పప్పు, కాయకు మూడు గింజలు. వాళ్ళమ్మ పుట్టింటి సారెతో పాటు ఒడిలో పోసి పంపిన విత్తనం అది. ఏటేటా అందులోంచే తీసి మళ్ళీ వేసుకునేది. గుత్తి శనక్కాయ వచ్చాక ఊరంతా ఈ రకం మానేసింది. ఇక మిగిలింది మా మూడెకరాలే. పొద్దున్నే పోయి చూస్తే రోజుకు పది సాళ్ళు పందులు తిరగేసి ఉండేవి.

ఒకరోజు జేజి నన్ను వెంటబెట్టుకుని ఓబుల్‌రెడ్డి ఇంటికి పోయింది. ఆయన మర్యాదగా మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు.

"నేను ముందు పోతే ఊరు ఏమనుకుంటాది వదినా? అన్నను పొమ్మను. ఆ ఎనకాల్నే నేనూ పోతా" అన్నాడు.

జేజి మజ్జిగ సగం తాగి లేచింది. ఇంటికొస్తే అరుగు మీద ఏనుగు పంచాయితీ.

"ఏ తూటా మంచిదో మళ్ళ చూద్దురు. అది పెట్టేదానికి తుపాకి యాడుంది?" అంది.

"నీకు తెల్దులే" అన్నాడు జేజినాయన.

నాలుగో రోజుకు చేను సగం పోయింది. జేజి పీకేసిన తీగలు ఒళ్ళో వేసుకొచ్చి తూటాల మీద పోసింది. "ఈ ఇత్తనం ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. వచ్చే ఏడు నీ మర్యాద ఇత్తుకుంటావా?" అంది. ఆమె అరవలేదు. అయినా ఆ ముగ్గురూ తలెత్తలేదు.

మర్నాడు జేజినాయన, ఓబుల్‌రెడ్డి ఒకే బస్సులో స్టేషన్‌కు పోయారు. ముందు ఎవరు దిగాలని అక్కడా కాసేపు ఆగారట... వెనకాల దిగాల్సిన వాళ్ళు తిడితే దిగారట. ఆ రోజు ఆఫీసరు లేడు. రెండోసారి పోయి తెచ్చేసరికి వారం. జేజినాయన ఎల్జీ వేసుకుని మూడు రోజులు గట్టు మీద తిరిగాడు. ఒక్క పందీ రాలేదు. తినడానికి ఏముందని వస్తాయి?

చేనంతా గాలిస్తే ఒక చేటెడు కాయలు దొరికాయి. సగానికి పైగా తాలు. జేజి వాటినే బూడిద కలిపి కుండలో దాచింది. మరుసటి ఏడు వేస్తే మొలిచినవి మొలిచాయి, కాయ మాత్రం పట్టలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పంట మాటెత్తలేదు. జేజినాయన కూడా తూటాల గురించి మాట్లాడటం మానేశాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడా చేను మా తమ్ముడు చేస్తున్నాడు. తుపాకి లేదు, లైసెన్సూ లేదు. పందులు మాత్రం అప్పటికన్నా ఎక్కువ. వాడి కొడుకు ప్రొద్దుటూరులో చదువుతూ, ఆఫ్రికా దున్నకు ఏ రైఫిల్ తూటా గొప్పదో పోల్చే వీడియోలు నాకు పంపిస్తాడు. పందుల మీద ఫారెస్టు ఆఫీసుకు ఒక అర్జీ రాసుకున్నారు ఊర్లో. నెలరోజులుగా దాని మీద ఒక్క సంతకం పడలేదు. ముందు పెట్టినవాడు ఫలానా పార్టీ అంటారని భయం.

"వాళ్ళు పెట్టనీలే అక్కా, ఆమీట నేను పెడతా" అంటున్నాడు మా తమ్ముడు. ఫోను పెట్టేశాను.

మీ వైపు ఎవరి దగ్గరైనా ఆ ఎర్రపప్పు తీగ శనక్కాయ విత్తనం మిగిలి ఉంటే ఇక్కడ ఒక మాట రాయండి... దోసెడు చాలు. ఎవరు ముందు వస్తారా అని చూడను. నేనే బస్సెక్కి వస్తాను.