ఒక బీడీ నీళ్లు

ఆ కాలమే మంచిదని అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మంచి కాలమైతే దానికి సరైన కొలత ఉండాలి కదా. మా బొగ్గు గనుల కాలనీలో షిఫ్టుకు సైరన్ కూసేది. నమ్మదగిన సమయం అదొక్కటే. మిగతా పనులన్నీ నోటి లెక్కలతో నడిచేవి. బజారు ఎంత దూరమని అడిగితే 'వక్క నమిలేంత సేపు' అనేవారు. ఎవరి పళ్లతో నమలాలో చెప్పేవారు కాదు. గని టైం ఆఫీసులో హాజరు రాసే ఉద్యోగంలో అప్పుడే చేరిన నాకు, అంకె లేని మాట వింటేనే ఒళ్లు మండేది.

డెబ్బైల మొదట్లో, నా పెళ్లయిన నాలుగో నెల, నడి ఎండాకాలం. మా వరుసలో ఐదు క్వార్టర్లకు ఒకటే నల్లా. గోదావరి పక్కనే పారుతున్నా మాకు నీళ్లు వచ్చేది పొద్దున అరగంట. ఆ అరగంటను ఐదిళ్లకు పంచే కొలత, నమ్మండి నమ్మకపోండి, బీడీ. మొదటి క్వార్టరు కాక (రక్తసంబంధం ఎవరితోనూ లేదు, అయినా అందరికీ కాకే) నల్లా గద్దె మీద కూర్చొని బీడీ వెలిగించేవాడు. బీడీ అయిపోతే వంతు అయిపోయినట్టు. ఇతరుల వంతులో ఆయన కొలిమి తిత్తిలా పీల్చేవాడు. తన భార్య బిందె పెట్టగానే మాత్రం ఆయనకు లోకంలోని ముచ్చట్లన్నీ గుర్తుకొచ్చేవి, బీడీ వేళ్ల మధ్యనే ఆరిపోయేది.

"కాకా, బీడీ ఆరి ఎంతసేపైంది?" అని ఒకరోజు నిలదీశాను.

"ఆరినంక సేపు ఎట్ల నడుస్తది కొడుకా? బీడీ సగం ఉన్నది, నువ్వే సూడు," అని, ఉన్న నాలుగు జేబులూ తడుముకుంటూ అగ్గిపెట్టె వెతకసాగాడు. అది గద్దె మీద ఆయన పక్కన తప్ప ఇంకెక్కడైనా ఉంటుందన్నట్టు వెతికాడు. ఈలోగా వాళ్ల నీళ్ల గోలెం నిండింది. చివరి క్వార్టరు మాది. మాకు దక్కింది ఒక్క బిందె.

ఇంట్లో నా భార్య ఆ బిందె దించి నెమ్మదిగా అంది: "మా ఊర్ల బర్లకు గూడ ఇంతకన్న ఎక్కువ పోస్తరు. ఆదివారం మా అన్న వస్తడు. అప్పటికి నీళ్ల సంగతి తేలకుంటె ఆయనెంబడి పోత." ఆమె అరిచి ఉంటే భయపడేవాణ్ణి కాదు.

మరునాడు పెళ్లిలో వచ్చిన అలారం టైంపీసును నల్లా గద్దె మీద పెట్టాను. అరగంటను ఐదుతో భాగిస్తే ఆరు నిమిషాలు. చిన్నపిల్లలకూ తెలిసే లెక్క. అలారం ముల్లు మాత్రం నిద్రలేపడానికి పుట్టినది, ఆరు నిమిషాలు దానికి అంతుపట్టలేదు. మొదటి వంతులో ముందే మోగింది, రెండో వంతులో మోగనే లేదు. దాన్ని తిట్టి, నిమిషాల ముల్లు చూస్తూ నేనే కేకలు పెట్టాను. అందరికీ సమానంగా ఆరేసి నిమిషాలు. మా వంతు వచ్చేసరికి నల్లా దారంలా సన్నబడింది. ఆరు నిమిషాలకు బిందె అడుగు తడిసింది.

"గడియారం మంచిగనే నడుస్తున్నది కొడుకా, నీళ్లే నడుస్తలేవు," అన్నాడు కాక. ఆ టైంపీసును ఆయన నెత్తిన వేయకుండా ఆగడం నా జీవితంలోని పెద్ద సంయమనాల్లో ఒకటి.

"ఇగో, ఇంటున్నరా," అంది నా భార్య, ఖాళీ బిందె నా ముందు పెట్టి. "మనకు కావల్సింది నిమిషాలా, నీళ్లా?"

ఆ సాయంత్రమే ఆమె మిగతా ఇళ్లన్నీ తిరిగింది. తెల్లవారి నల్లా దగ్గర ఆడవాళ్లంతా ఒక్కమాటగా నిలబడ్డారు: తలా రెండు బిందెలు, నిండగానే జరగాలె, ఇంకా నీళ్లొస్తే మళ్లా మొదటి నుంచి.

"మరి నా బీడీ?" అన్నాడు కాక.

ఆయన భార్యే అందుకుంది. "గోలెం నిండేదాక మోసి మోసి నా నడుము వడిపోయింది. నువ్వు కూసోని పొగ ఇడుస్తవు. పో, ఇంట్ల కూసోని తాగు."

ఆ రోజు మాకు రెండు బిందెలూ దక్కాయి. (కాక వాళ్ల బిందె మా బిందె కంటే పెద్దది. చెంబుతో కొలిచాను. ఈ అన్యాయాన్ని నేటికీ క్షమించలేదు.)

ఆదివారం ఆమె అన్న వచ్చాడు. ఆమె పెట్టె సర్దలేదు. ఆయన స్నానానికి నీళ్లు తోడి, అన్నం పెట్టి, "నువ్వు పో అన్నా. నేను దసరాకు వస్త," అని సాగనంపింది. ఇక్కడ నీళ్లున్నాయి, తను ఉంటోంది. చెప్పదలచినదంతా అందులోనే చెప్పింది. నేనేం చేస్తున్నానంటారా? గుమ్మంలో నిలబడి, ఆ మనిషి ఒక్క స్నానానికి పూర్తి బిందె ఖాళీ చేశాడని పళ్లు కొరుకుతున్నాను. భార్య ఉండిపోయిందన్న సంగతి, వాళ్లన్న ఎక్కిన బస్సు వెళ్లిపోయి ఆమె నా పక్కకు వచ్చి నిలబడేదాకా నా బుర్రకెక్కలేదు. అప్పటి నేను, ఆ చెంబుల లెక్కల కుర్రవాడు, తలపుకు వస్తే ఇప్పటికీ చెంప ఛెళ్లుమనిపించాలనిపిస్తుంది. చెయ్యి మాత్రం లేవదు, నవ్వొచ్చేస్తుంది.